ఉలిగప్ప నేర్చిన జపాను మాట

ఆ రోజు పొద్దున ఉలిగప్ప పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, మగ్గం మీదున్న చీరను కొంగు దాకా నేసేయడం. రెండోది, వీలైతే మధ్యాహ్నం లోపలే జపాను భాష నేర్చేసుకోవడం.

జపాను వాళ్ళు మద్రాసులో దిగబోతున్నారని ధర్మవరమంతా చెప్పుకుంటున్న వేసవి అది. పట్నం ఖాళీ చేసి వచ్చినవాళ్ళతో రైళ్ళు కిటకిటలాడుతున్నాయి. ఊళ్ళో వాళ్ళు బియ్యం దాచుకునే తొందరలో ఉంటే ఉలిగప్ప ఆలోచన వేరుగా ఉంది. అతని ఒక్కగానొక్క కొడుకు గంగన్న పటాలంలో చేరి సింగపూరు పోయాడు. ఆ సింగపూరు కాస్తా జపాను వాళ్ళ చేతికి పోయింది. అప్పటినుంచి గంగన్న బతికున్నాడో లేదో చెప్పే దిక్కు లేదు. సింగపూరును పట్టుకున్నవాళ్ళే ఇటు వస్తున్నారు కాబట్టి నేరుగా వాళ్ళనే అడుగుదామని ఉలిగప్ప తీర్మానం.

"అడుగుతావు సరే. వాళ్ళకి తెలుగు వస్తాదా?" అంది భార్య ఆదిలక్ష్మమ్మ.

దాంతో ఉలిగప్ప స్టేషను దగ్గర కాఫీ హోటలు నడిపే సంజీవప్ప దగ్గరికి పరిగెత్తాడు. సంజీవప్ప ఒకప్పుడు జపానులోని ఒక రేవుపట్నంలో బొంబాయి షావుకారుకు వంట చేసి వచ్చినవాడు.

"కయెసు అంటే తిరిగిచ్చేది," అన్నాడు సంజీవప్ప, గ్లాసులు కడుగుతూనే. "బతిమాలుకునేటప్పుడు కయెషితే అనాల. తీసుకున్న చెంబు తిరిగిచ్చినా కయెసే, మడకతో మన్ను తిరగేసినా కయెసే. చేసిన మేలుకు మేలు చేసినా అదే మాట. పెద్దోళ్ళకి ఎదురు చెప్పినా అదే."

"ఒగ మాటకే అన్ని పనులా?"

"మనం మాత్రం? అన్నం తింటాము, తన్నులు తింటాము, లంచం తింటాము. నోరు ఒగటే కదప్పా."

ఉలిగప్ప ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. "మనిషిని తిరిగియ్యమనేదానికి పనికొస్తాదా?"

సంజీవప్ప గ్లాసు పక్కన పెట్టాడు. "సరుకు అడగంగా ఇన్నా. మనిషిని అడగంగా నేను ఇనలేదు. అయినా నువ్వు అడుగు."

ఇల్లు చేరేలోపల మాట రెండుసార్లు మరిచిపోయి, రెండుసార్లూ వెనక్కి పోయి అడిగి వచ్చాడు ఉలిగప్ప. నేతగాడికి మరిచిపోకూడనిది ఏదైనా ఉంటే దాన్ని పాటగా పలుకుతూ, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెకు కట్టేస్తాడు. బుటా పోగుల లెక్క నిలిచేది అట్లాగే. ఉలిగప్ప కూడా మగ్గం గుంటలో దిగి, నాడె అటు విసిరితే "కయెషితే" అనీ, ఇటు విసిరితే "కయెషితే" అనీ మొదలుపెట్టాడు. అతని గొంతులో కొడుకు మీది బెంగ కలిసి ఆ మాట పాటలాగా సాగింది.

నేతవీధిలో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒకటే. ఒక మగ్గం మీద లేచిన పాట పక్క మగ్గానికి పాకుతుంది, అది ఎవరిదని ఎవరూ అడగరు. పొద్దు వాలేసరికి వీధి వీధంతా "కయెషితే" అని నేస్తోంది. బాంబులు పడకుండా కాపాడే మంత్రమట అని ఎవరో అన్నారు. అంతే, రాట్నాల దగ్గర ఆడవాళ్ళు అందుకున్నారు. శనివారం భజనలో తాళాలు కూడా తోడయ్యాయి.

ఆ తాళాలకు తల ఊపుతూ వచ్చిన కానిస్టేబులు, ఈ కీర్తన ఎవరిదని అడిగాడు. వీధంతా గర్వంగా ఉలిగప్పను ముందుకు తోసింది. "మా ఉలిగప్పే సామీ. జపానోళ్ళు వస్తాండారని జపాను మాట నేర్చినాడు."

కానిస్టేబులు అతనికి సంకెళ్ళు వేసి పెనుకొండకు తీసుకుపోయాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం అక్కడి ఇన్‌స్పెక్టరు. ఉలిగప్పను తన ముందుకు తెచ్చేసరికే రెండు చెంపలూ వాయించి సిద్ధం చేయించాడు. ఈ కబురు తెలిసి సంజీవప్ప హోటలు మూసి, ఓబులదేవరచెరువులో అత్తకు జబ్బుగా ఉందని వెళ్ళిపోయాడు. అత్త చనిపోయి చాలా కాలమైంది.

"నా కొడుకు కోసరం సామీ. వాళ్ళని అడుక్కుందామని," అని ఉలిగప్ప ఏడ్చాడు.

ఇన్‌స్పెక్టరు చెవికి ఎక్కింది అందులో ఒక్క ముక్కే. "అయితే నీకు జపాను వచ్చునన్నమాట. హిందూపురంలో ఒక జపానువాడు దొరికాడు. ఎంత కొట్టినా జపాను మాట్లాడటం లేదు. పద, మాట్లాడించు."

హిందూపురంలో దొరికినవాడు కాగితం పూలూ విసనకర్రలూ మూట కట్టుకుని ఏళ్ళ తరబడి ఆ వీధుల్లోనే తిరిగి అమ్ముకున్నవాడే. చీనప్ప అని పిలిచి గీచి గీచి బేరమాడిన జనానికి, యుద్ధం వచ్చాక అతని కళ్ళు జపాను కళ్ళలాగా కనబడ్డాయి. పోలీసు స్టేషనులో మూలన కూర్చున్న అతని ముఖం వాచిపోయి ఉంది.

"ఓడలు ఎన్ని వస్తున్నాయో అడుగు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఉలిగప్పకు ఓడలు పట్టలేదు. తన జన్మలో చూసిన మొదటి జపానువాడు ఎదురుగా ఉన్నాడు. సంకెళ్ళతోనే అతని కాళ్ళ మీద పడిపోయాడు. "కయెషితే. కయెషితే." గంగన్న పుట్టినప్పటినుంచి మనసులో ఉన్నదంతా ఆ మాటలోనే పోశాడు.

చీనప్ప ఉలిక్కిపడి గోడకు జరిగాడు. "ఆ మాట నీకెవరు నేర్పిచ్చినారప్పా?" అన్నాడు, అచ్చం హిందూపురం తెలుగులో.

"నువ్వు జపానోనివి కాదా?"

"చీనావాణ్ణి. ఆ మధ్య మా ఊరికి పోయింటి. జపానోళ్ళు వచ్చి మగపిల్లోళ్ళని లారీలకి ఎక్కిచ్చినారు. నా కొడుకునీ ఎక్కిచ్చినారు. మా ఊరి ఆడోళ్ళు ఎవరినో అడిగి ఈ మాట ఒగటి నేర్చుకుని, లారీలకి అడ్డం నిలబడి ఇట్లే అడిగినారు."

"ఇచ్చినారా?" అన్నాడు ఉలిగప్ప.

చీనప్ప గోడ దగ్గర్నుంచి ముందుకు జరిగాడు. కట్టేసిన చేతులతోనే ఉలిగప్పను లేపి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఉలిగప్ప అంతవరకు ఎవరి ముందూ ఏడవనంతగా ఏడ్చాడు. చీనప్పకూ కన్నీళ్ళు ఆగలేదు.

"ఏమయ్యా, నువ్వన్నది వాడికి అర్థమైనట్టేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అయింది సామీ. నాకంటే బాగా."

శత్రువు భాష మాట్లాడేవాడొకడూ, అది అర్థమయ్యేవాడొకడూ ఒకే పూట రుజువుతో సహా దొరికినందుకు ఇన్‌స్పెక్టరు సంతోషించి, ఇద్దరినీ ఒకే గదిలో పెట్టి తాళం వేయించాడు.