జూకి సూటు వేసుకొచ్చిన మనిషి

శుక్రవారం ఉదయం తంతా నుంచి కైరో వెళ్లే రైల్లో సూటు వేసుకుని, టై కట్టుకుని కూర్చున్న మనిషి వగ్దీ ఒక్కడే. ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పే వగ్దీ అలా ముస్తాబవడానికి కారణం ఉంది. ఒపేరాలో టై లేని మగవాణ్ణి గుమ్మం దాటనివ్వరు. సాయంత్రం అక్కడి సంగీత నాటకం బృందగానంలో, ముప్ఫై మందిలో ఒకతెగా, అతని కూతురు రావ్యా మొదటిసారి పాడుతోంది. పాటలు కూడు పెట్టవనీ, తాను ఆ గడప తొక్కననీ రెండేళ్ల కిందట ఆమెతో తెగేసి చెప్పాడు. అందుకని కూతురి కంట పడకుండా అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా వెనక రెండు సీట్లు కొన్నాడు. టిక్కెట్లు నలగకుండా అట్టఫైల్లో పెట్టి చంకలో ఇరికించుకున్నాడు.

భార్య ఇన్‌షిరాహ్‌ది ఒకటే షరతు. సాయంత్రం దాకా జూ చూడాలి. చిన్నప్పుడు బడి పిల్లలతో వచ్చి చూసిన నీటిగుర్రం ఇంకా ఉందో లేదో తేలాలి.

సెలవురోజు కావడంతో జూలో చెట్టుకో కుటుంబం చాప పరిచి తింటోంది. ఆ జనం మధ్య సూటూ ఫైలూ నడిచి రావడం నీటిగుర్రం కాపరి బయ్యూమీ చూశాడు. బక్షీసు కోసం చాచిన చేతిని మెల్లిగా జేబులోకి తీసుకుని, మంత్రిత్వశాఖ నుంచి తనిఖీకి వచ్చారని పై అధికారికి ఫోను కొట్టాడు.

ఆ పై అధికారి డాక్టర్ లమ్లూం మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి, నీళ్లెందుకింత పచ్చగా ఉన్నాయని ఇన్‌షిరాహ్ మొగుణ్ణి అడుగుతోంది. ఐదు నిమిషాల్లో మడుగు తోడెయ్యడం మొదలైంది. బురద చింది వగ్దీ ప్యాంటు మీద పడింది. నీటిగుర్రం అడుగున కూలబడి అందర్నీ ఒకలాగే చూసింది.

తాను ఉత్త మాస్టారునని వగ్దీ చెప్పి చూశాడు. అసలైన తనిఖీ అధికారులు ఎప్పుడూ అలాగే చెబుతారని లమ్లూంకు పన్నెండేళ్ల అనుభవం.

"నేను మా అమ్మాయి కోసం వచ్చానండీ," అన్నాడు వగ్దీ చివరికి.

లమ్లూం గొంతు తగ్గించాడు. "అలా చెప్పండి మరి. అమ్మాయి ఏం చేస్తుంది?"

"పాడుతుంది."

లమ్లూం వేళ్ల మీద విభాగాలు లెక్కపెట్టాడు. "పక్షుల విభాగంలో ఒక ఖాళీ ఉంది."

వగ్దీ కాదనేలోపు అతన్ని ఏనుగు దగ్గరికి నడిపించారు. అది మర్యాదగా తొండం చాచి, చంకలోని ఫైలు లాక్కుని, నాలుగుసార్లు నమిలి మింగేసింది. తనిఖీ కాగితాలు అలా పోయినందుకు లమ్లూం మనసు తేలికపడింది. మొహం మాత్రం దిగులుగా పెట్టాడు.

"అయ్యో. అందులో ఏముందో చెప్పండి, మళ్లీ సమకూరుద్దాం."

"ఒపేరా టిక్కెట్లు," అన్నాడు వగ్దీ. "ఇవాళ సాయంత్రానివి. రెండు."

ఇంత సూటిగా లంచం అడిగిన అధికారిని లమ్లూం ఎన్నడూ చూడలేదు. ఇంత చవగ్గా అడిగినవాణ్ణీ చూడలేదు. మొదటి వరుసలో టిక్కెట్లు తెప్పించి, జూ కారు పిలిపించాడు. వగ్దీ వద్దనబోతే ఇన్‌షిరాహ్ మోచేయి గిల్లింది.

"ఎక్కు, రావ్యా నాన్నా. మన టిక్కెట్లు తిన్నది వీళ్ల ఏనుగేగా."

తెర లేచేసరికి వాళ్లు ముందు వరుసలో నట్టనడుమ ఉన్నారు. బుట్టలు పట్టుకున్న పల్లెపడుచుల వేషాల్లో రావ్యా మూడోది. వగ్దీ కార్యక్రమ పత్రంతో మొహం కప్పుకున్నాడు. ప్యాంటుకంటిన బురద వాసనకు పక్కనున్నావిడ దూరంగా జరిగింది. ఏమిటా అని చూసిన రావ్యాకు తండ్రి కనిపించాడు.

బృందమంతా ఇంకా ఊపిరి పట్టుకునే ఉంది. రావ్యా ఒక్కతే ముందుగా పాట అందుకుంది. నిశ్శబ్దంలో ఒక చరణం మొత్తం ఆమె గొంతు ఒంటరిగా వినిపించింది. బృందాన్ని నడిపించేవాడి కర్ర గాల్లో ఆగిపోయి, తర్వాత దారిలేక ఆమె వెంట నడిచింది. తప్పో ఒప్పో వగ్దీకి తెలియదు. పైన చివరి వరుసలో కూర్చుంటే ముప్ఫై గొంతుల్లో ఈ గొంతు పోల్చుకోలేకపోయేవాడని మాత్రం తెలిసింది. కాగితం ఒళ్లో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. హాలంతటికీ అతనొక్కడే కొట్టాడు.

ఆట ముగిశాక వెనక గుమ్మం దగ్గర రావ్యా ఏడుస్తూ నిలబడింది. "అంతా పాడుచేశాను నాన్నా."

"నువ్వు సరిగ్గానే మొదలెట్టావు," అన్నాడు వగ్దీ. "మిగతావాళ్లే ఆలస్యం చేశారు."

శనివారం ఆటకు ఆమెను బృందంలో చివరి వరుసకు మార్చారు. వగ్దీ మాత్రం మొదటి వరుసకే టిక్కెట్లు కొన్నాడు.