గొట్టమో తొట్టో

"హువోథోంగ్‌లన్నీ గోడెక్కించు! మధ్యాహ్నానికి దొంగల పడవలు వచ్చేస్తాయి!" అన్నాడు గెంగ్ సేనాని పొద్దున్నే, మూతికి చుట్టుకున్న ఉన్నిగుడ్డలోంచి.

ఆయుధాల కొట్టు చూసే షెన్ పింగ్ మారుమాట లేకుండా తలూపాడు. ఇంకొక్క పొరపాటు చేస్తే ఎడారి ఠాణాకు తోలేస్తానని సేనాని అప్పటికే హెచ్చరించాడు. మంచు కరగ్గానే భార్యను ఈ నదీకోటకు తెచ్చుకోవాలని షెన్ ఆశ.

చైనా భాషలో నిప్పుగొట్టమన్నా, నిప్పుతొట్టన్నా పలకడానికి ఒకటే: హువోథోంగ్. సేనాని అడిగింది పేల్చే కంచు గొట్టాలను. షెన్ పుట్టిన కొండల్లో హువోథోంగ్ అంటే అడుగున బూడిద పరిచి, బొగ్గులు పోసి కాళ్లు కాచుకునే చెక్కతొట్టి. బంట్ల పాదాల మీద సేనానికి ఎంత దయ అనుకుని, షెన్ ఊళ్లోకి పరుగెత్తాడు.

"ఒరే షెన్! నా క్యాబేజీ ఊరగాయ తొట్టి ఎక్కడికిరా?"

"గోడ మీదికి పిన్నీ! యుద్ధం!"

"క్యాబేజీతోనా?"

తొట్లు దొరికాయి గానీ బొగ్గు చాల్లేదు. కొట్లో తుపాకిమందు కోసం దాచిన బొగ్గంతా ఊడ్చి పోశాడు. అది చెమ్మగిల్లి ఉండటంతో మండటం మానేసి పొగబెట్టింది.

సేనాని గోడెక్కేసరికి బంట్లందరూ తొట్ల అంచుల మీద కాళ్లు పెట్టుకుని, పెళ్లిపీటల మీద ఉన్నంత గంభీరంగా కూర్చున్నారు.

"నిప్పు పెట్టావా?" పొగలో ఏదీ సరిగా కనబడక అడిగాడు సేనాని.

"ప్రతిదాంట్లో పెట్టాను దొరా."

"మందు కూరావా?"

"మందా? జలుబున్నవాళ్లకి అల్లం కాచి పోశాను దొరా."

సేనాని ముఖం చూడగానే షెన్‌కు ఎడారి కనిపించింది. తొట్లను దాచేద్దామని, బంట్ల కాళ్లు లాగించి, ఒక్కొక్కటీ గోడసందుల్లోకి ఒరిగించాడు. వాటి నోళ్లన్నీ పొగలు కక్కుతూ నదివైపు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే పడవలు వచ్చాయి. మణికట్టంత గొట్టాలు మాత్రమే ఎరిగిన దొంగల నాయకుడు పైకి చూసి, "అమ్మో! వీటి నోళ్లలో మనిషి పడతాడ్రా! తిప్పండి!" అని అరిచాడు. వచ్చిన వేగానికి రెట్టింపు వేగంతో వెళ్లిపోయారు.

సేనాని మూతికున్న ఉన్నిగుడ్డ విప్పేశాడు. తరవాత అందరినీ పోగుచేసి, గొట్టమేదో తొట్టేదో విడమరిచి చెప్పాడు. ఎడారి ఊసు ఎత్తలేదు.

"రేపట్నించి ఆయుధాన్ని హువోచోంగ్ అనండి. ఇక తికమక ఉండదు."

"చిత్తం దొరా," అన్నాడు షెన్.

అతని కొండల్లో హువోచోంగ్ అంటే నిప్పుపురుగు. మెట్లు దిగుతూ పక్కనున్న బంటు చెవిలో అడిగాడు: "అన్నా, ఇంత చలిలో మిణుగురులు ఎక్కడ దొరుకుతాయి?"