సీసా ఒకటి, సరుకు ఒకటి

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కంప్యూటర్ విప్పడం, తొమ్మిదిన్నరకు మూసేయడం, పదకొండింటికి పరీక్ష రాయడం. అది కాగితం మీద రాసి, పాప చేతికి అందకుండా ఫ్రిజ్ తలుపు మీద పైన అంటించింది కూడా.

ఇంట్లో కూర్చుని టైపు చేసే ఉద్యోగానికి పరీక్ష అది. మిగతా చోట్ల అందరూ ముందు ఏం చదివావని అడిగారు. తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయిందనగానే అవతలి గొంతు చాలా మర్యాదగా మారిపోయేది. వీళ్లొక్కళ్లే చదువు ఊసెత్తలేదు. నలభై నిమిషాలు ఆపకుండా కొట్టి చూపించమన్నారు. మధ్యలో ఆగితే మళ్లీ అవకాశం ఉండదన్నారు. పాప నిద్రపోయినప్పుడల్లా నేర్చుకున్న వేళ్లు సిద్ధంగానే ఉన్నాయి. కంప్యూటరే సిద్ధంగా లేదు. పది నిమిషాలు నడిస్తే చాలు, కుంపటిలా కాగి చెప్పాపెట్టకుండా ఆరిపోతోంది.

ఆదివారం తను చూస్తానని, అప్పటిదాకా ముట్టుకోవద్దని భర్త పనికి వెళ్తూ చెప్పాడు. ఆ మాట మూడు ఆదివారాలుగా చెబుతున్నాడు. అందుకే ఆమె పక్క వీధి మెకానిక్‌కి ఫోన్ చేసింది. పాపం, అతను కాలు విరిగి కట్టుతో మంచం మీదున్నాడు. లోపల ఫ్యాను కింద, ప్రాసెసర్ మీద, వేడిని లాగే పేస్టు ఒకటి ఉంటుందని, అది ఎండి పెచ్చు కట్టి ఉంటుందని చెప్పాడు. దాన్ని ఇంజెక్షన్ స్పిరిట్‌తో తుడిచేసి, మిరియపు గింజంత కొత్త పేస్టు పెట్టి ఫ్యాను బిగిస్తే సరిపోతుందట. కొత్త పేస్టు భార్య చేత పంపించాడు.

"నీళ్లు మాత్రం తగలనివ్వకు చెల్లెమ్మా. ఫోన్ పక్కనే పెట్టుకో, నేనున్నాగా" అన్నాడు.

వారం రోజులుగా ఇంటిల్లిపాదికీ జలుబు. పెద్దవాళ్ల ముక్కులన్నీ మూతలు పడ్డాయి, పాపకొక్కదానికే తగ్గింది. తగ్గిందన్న సంతోషం లేకుండా అది తాతయ్య మీద అలిగింది. ఆయన గడ్డం గీసుకొచ్చి చేతులు చాపగానే ఎడం చెయ్యి వీపు వెనక దాచుకుని ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తోంది. రోజూ ఇంత నున్నగా గీసుకుంటున్నా నా మొహంలో ఏం లోటు కనపడిందని మామగారు అద్దాన్ని అడుగుతున్నారు. కోడలి దిగుళ్లలో ఇది పన్నెండోది.

ప్లగ్గు తీసి, తీశానో లేదోనని మూడుసార్లు చూసుకుని, ఆమె నాలుగు స్క్రూలు విప్పింది. ఫ్యాను లేచింది. కింద ఎండిన సున్నంలా పెచ్చు. మందుల డబ్బాలోంచి స్పిరిట్ సీసా తెచ్చి, నూలు రాలని పాత గుడ్డ మీద పోసి తుడిచింది. పెచ్చు కరగలేదు, బురదయింది. ఇంకోసారి తుడిస్తే ప్రాసెసర్ తలంటుకి కూర్చున్న పసిపిల్ల మాడులా నిగనిగలాడింది.

"అత్తయ్యా, ఈ స్పిరిట్ ఏంటి, జారుతోంది?"

అత్తగారు వచ్చి వేళ్ల మధ్య రుద్ది చూశారు. "జారదూ మరి? అది నా మోకాళ్ల నూనె. ఆ మూత బిగువుగా ఉంటుందని అందులో పోశా."

"మరి స్పిరిట్?"

"పారబోస్తానా ఏంటి? ఇంకో సీసాలో పోశా."

"ఏ సీసాలో?"

"గట్టి సీసాలో."

మూత సరిగ్గా పట్టే సీసాని అత్తగారు జన్మలో పారేయలేదు. తేనె సీసాలో షాంపూ, దగ్గుమందు సీసాలో వెనిగర్. ఆవిడ లెక్కలో చీటీ మీదున్నది సీసా పుట్టింటి పేరు. లోపలిది అత్తింటి సరుకు. అలమరలో తొమ్మిది సీసాలున్నాయి, నాలుగింట్లో నీళ్లలాంటివే. వాసన చూద్దామంటే ముక్కులు లేవు.

పది కావస్తోంది. ఇత్తడికైనా దేనికైనా ఇదేనంటూ అత్తగారు నిమ్మచెక్క తెచ్చారు. సగం మొహం నురగతో మామగారు పళ్లపేస్టు తెచ్చి, వెండికి ఇదే వాడతారని చెప్పారు. గోళ్లరంగు తీసే మందు వాడొచ్చా అని కోడలు భయపడుతూ అడిగింది. ప్లాస్టిక్‌కి తగిలితే పాడవుతుందని మెకానిక్ వద్దన్నాడు.

"నిమ్మకాయ వద్దు, పళ్లపేస్టు వద్దు. పెద్దవాళ్లిద్దర్నీ కాస్త దూరంగా కూర్చోబెట్టు చెల్లెమ్మా. కాలు కట్టులో ఉంది గానీ, లేకపోతే పరిగెత్తుకొచ్చేవాణ్ణి" అని ఫోన్‌లోంచి మూలిగాడు.

పదీ ఇరవై. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లు తగలకూడదన్నారని గుర్తొచ్చి పక్కకి జరిగింది. అప్పుడే గడ్డం పూర్తి చేసుకుని మామగారు మళ్లీ సాయానికి వచ్చారు. పాప ఆయన్ని చూసి ఊరుకుంది. ఆయన వంగి దగ్గరకు రాగానే ఎడం చెయ్యి దాచుకుని కెవ్వుమంది.

కోడలి చెయ్యి ఆగిపోయింది. ఆ ఏడుపు ఆమె ఎరిగినదే. పోయిన నెల ఎడం చేతికి టీకా వేయించినప్పుడు, సూది ఇంకా బయటికే రాలేదు, నర్సు స్పిరిట్ దూది దగ్గరకు తెచ్చిందంతే, ఇదే రాగం. పాప ఏడుస్తున్నది తాతయ్యని చూసి కాదు.

"మామయ్యా, మొహానికి ఏం రాసుకున్నారు?"

"గులాబీ నీళ్లమ్మా. ఈసారి సరుకు భలే ఉంది. చురుక్కుమంటోంది."

"ఎన్నాళ్ల నుంచి?"

"వారం నుంచి."

అత్తగారు పైకప్పు వంక చూశారు. "అది గట్టి సీసానే" అన్నారు నెమ్మదిగా.

ఆ గులాబీ నీళ్ల సీసాలోంచి ఒక్క చుక్క కోడలు ముంజేతి మీద వేసుకుంది. చల్లగా తగిలి, చూస్తుండగానే ఆరిపోయింది. ఇక ఆమెకి ఎవరి సలహా అక్కర్లేకపోయింది. నూనె, బురద, పెచ్చు అన్నీ గుడ్డకి వచ్చేశాయి. మూలలకి చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు వాడింది. ఫ్యాను అడుగు కూడా తుడిచి, అంతా ఆరనిచ్చి, మిరియపు గింజంత పేస్టు పెట్టి, స్క్రూలు ఎదురెదురుగా బిగించింది. పదీ యాభైకి మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది.

పరీక్ష మొదలయ్యాక పదో నిమిషం వచ్చింది. ఇంట్లో ఎవరూ తుమ్మలేదు. పదకొండో నిమిషమూ వచ్చింది, వెళ్లింది. అత్తగారు పాప ఏడవకుండా చిటికెలు వేస్తూ, మామగారు వాకిట్లో నిలబడి కిటికీలోంచి చూస్తూ, నలభై నిమిషాలు గడిపారు. మొత్తం కొట్టేసి ఆమె వేళ్లు విరుచుకునేసరికి కంప్యూటర్ ఒళ్లు నులివెచ్చగా మాత్రమే ఉంది.

సోమవారం నుంచి పనిలో చేరమని సాయంత్రం కబురొచ్చింది. అది చదివి వినిపించిన కోడలి గొంతు ఈసారి మర్యాద మరిచిపోయి, పక్క వీధి మెకానిక్‌కి ఫోన్ లేకుండానే వినపడింది. భర్త వచ్చి కంప్యూటర్ మీద చెయ్యి వేసి చూసి, ఎవరు బాగుచేశారని అడిగాడు.

"నీ పెళ్లాం. ముక్కు మాత్రం నీ కూతురిది" అన్నారు అత్తగారు. సీసాల సంగతి ఆవిడ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మర్నాడు అసలు గులాబీ నీళ్లు తేనె సీసా వెనక, ఇంకో గట్టి సీసాలో దొరికాయి. మామగారు అవే రాసుకుని వచ్చి చేతులు చాపితే పాప ఎగిరి ఒళ్లో కూర్చుంది. మనవరాలి తల నిమురుతూనే ఆయన ఆ గులాబీ నీళ్లు కల్తీవని తేల్చేశారు, బొత్తిగా మంటే లేదట.