ముప్పై రెండు తలల ఓడ ప్రయాణం

తార్నాక పిల్లలు ఇకపై సముద్రానికి భయపడరని విద్యార్థి విహార శాఖ మంత్రి శశిభూషణ్ గారు సోమవారం ఉదయం యూనివర్సిటీ క్యాంపస్ సెమినార్ హాల్లో ప్రకటించారు. అంతవరకు వాళ్లు భయపడుతున్నారన్న సంగతి మాకెవరికీ తెలియదు. అలాంటివి కనిపెట్టడానికే మంత్రులుంటారు.

ఆ సభలో నేనూ ఉన్నాను. నాకు తార్నాకలో ఫ్లెక్సీల దుకాణం ఉంది. మంత్రిగారి వెనక వేలాడిన ఇరవై అడుగుల ఫ్లెక్సీ నేను వేసిందే. కాబట్టి ఈ వ్యవహారంలో నేను ప్రత్యక్ష సాక్షిని, కొంతవరకు కళాకారుణ్ణి కూడా.

సంగతేమిటంటే, కోస్తాలో ఒక రేవులో మూడు పాతకాలపు తెరచాప ఓడలను జనం చూడ్డానికి వారం పాటు నిలిపారు. ఆదివారంతో ఆఖరు. బడిపిల్లలు పైకెక్కి తాళ్లు లాగొచ్చు, చుక్కాని తిప్పొచ్చు. మా వీధి వెనక సర్కారు ప్రాథమిక పాఠశాలలో సుధామయి అని ఒక టీచరమ్మ ఉన్నారు. ఆవిడ రేవు వాళ్లకు స్వయంగా ఉత్తరం రాసి, తన ముప్పై రెండు మంది పిల్లలకు శనివారం పది గంటల టైము సంపాదించారు. ఆ తర్వాత బస్సు కోసం శాఖకు అర్జీ పెట్టుకున్నారు. ఆవిడ చేసిన పొరపాటు అదొక్కటే. అర్జీ లోపలికి వెళ్లింది, మంత్రిగారి ఆలోచనగా బయటికి వచ్చింది.

"నేను చిన్నప్పుడు ఓడ చూడలే. అయినా మంత్రినైన. మరి చూసినోళ్లు ఏమైతరో మీరే ఆలోచించుండ్రి!" అన్నారు మంత్రిగారు. హాలంతా ఆలోచించకుండానే చప్పట్లు కొట్టింది.

ముందు వరసలో కూర్చోబెట్టిన సుధామయి గారి పిల్లల్లోంచి నాలుగో తరగతి ధరణి చెయ్యెత్తింది. వాళ్లమ్మ క్యాంపస్ హాస్టల్ మెస్సులో చపాతీలు చేస్తుంది. ఆ పిల్ల నెల రోజులుగా నోట్‌బుక్ నిండా ఓడలే గీస్తోందట.

"సార్, తెరచాప ఎంత పొడుగుంటది?"

మంత్రిగారు పక్కనున్న ఎంకన్న వైపు చూశారు. ఎంకన్న పార్టీ కార్యకర్త. మంత్రిగారికి తెలియనివన్నీ తెలిసి ఉండటం అతని పని.

"మస్తుంటది పాపా," అన్నాడు ఎంకన్న.

"ఎంతుంటే అంత చూపిస్తం. ఈ విషయంల ప్రభుత్వం వెనకాడేదే లేదు," అని మంత్రిగారు హామీ ఇచ్చారు.

మంగళవారం బస్సు వచ్చింది. కానీ శాఖలో జాయింట్ డైరెక్టర్ ఉమాపతి గారు బాధ్యత తెలిసిన మనిషి. పిల్లలను ఎక్కించే ముందు ఆ ఓడలు ఎంతవరకు భద్రమో చూడాలి కదా? అందుకని ముందస్తు భద్రతా పరిశీలన బృందం అదే బస్సులో బయల్దేరింది. అధికారులు పదకొండు మంది. ఓడ అన్ని వయసుల వాళ్లనూ మొయ్యగలదో లేదో తేల్చాలంటే అన్ని వయసుల వాళ్లూ కావాలి. అందువల్ల భార్యలు, అత్తగార్లు, బావమరుదులు కూడా దేశం కోసం బస్సెక్కారు. ఉమాపతి గారి శ్రీమతి కాత్యాయని గారు పట్టుచీర కట్టుకున్నారు. ఓడ చారిత్రకమైనదాయె, నైటీలో వెళ్లలేరు కదా.

"శుక్రవారం పొద్దున్నే బయల్దేరకపోతే శనివారానికి అందుకోలేమండీ," అని సుధామయి గారు బస్సు కిటికీ దగ్గర నిలబడి చెప్పారు.

"అమ్మా, పిల్లల ప్రాణాలకంటే మీకు టైము ముఖ్యమా?" అన్నారు ఉమాపతి గారు. మంచి ప్రశ్నలకు జవాబు ఉండదు.

బృందం గురువారం సాయంత్రం తిరిగొచ్చింది. నివేదిక రెండు పేజీలు. ఓడలు దృఢంగా ఉన్నాయి. రేవు పక్కన భోజనం బాగుంది. ఓడ ఊగినప్పుడు కాత్యాయని గారికి కళ్లు తిరిగాయి కనుక పిల్లలకు తలా ఒక నిమ్మకాయ ఇవ్వవలెను. నిమ్మకాయల ఫైలు ఆ సాయంత్రమే కదిలింది. మన దగ్గర పనులు జరగవని ఎవరన్నారు?

శుక్రవారం ఉదయం ఆరింటికల్లా ముప్పై రెండు మంది పిల్లలు ఇస్త్రీ యూనిఫాంలతో, చేతిలో నిమ్మకాయలతో క్యాంపస్ లైబ్రరీ ముందు బస్సులో కూర్చున్నారు. మంత్రిగారు జెండా ఊపితే బయల్దేరడమే. జెండా ఊపకుండా మన రాష్ట్రంలో బస్సు కదిలితే దాన్ని ప్రయాణం అనరు, ట్రాఫిక్ అంటారు.

మంత్రిగారు పదకొండింటికి వచ్చి ఊపారు. బస్సు కదిలింది. టీవీ వాళ్ల కెమెరాకు చెట్టుకొమ్మ అడ్డొచ్చింది. బస్సు వెనక్కి వచ్చింది, మళ్లీ ఊపారు. ఈసారి అంతా సవ్యంగా జరిగి బస్సు తార్నాక చౌరస్తా దాకా వెళ్లింది. అక్కడ ఎమ్మెల్యే నాగేంద్ర గారు రోడ్డుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.

ఆయనదీ మంత్రిగారిదీ ఒకే పార్టీ. అందుకే గొడవ అంత గట్టిగా ఉంది.

"నా నియోజకవర్గం పిల్లలు నాకు తెల్వకుండ సముద్రానికి పోతరా? ప్రోటోకాల్ ఏడున్నది?" అని ఆయన గర్జించారు. అంతటితో ఊరుకోక, బస్సుకు కట్టిన ఫ్లెక్సీతో పాటు వెళ్లిన నావైపు తిరిగి, "ఫ్లెక్సీల నా ఫోటో స్టాంపంత వేసినవేందయ్యా?" అన్నారు. నిజానికి స్టాంపుకంటే పెద్దదే. వాదించలేదు.

చర్చలు జరిగాయి. మొదటి రెండు ఊపుళ్లూ చెల్లవని తేలింది. బస్సు లైబ్రరీ దగ్గరికి వెనక్కి వెళ్లింది. ఇద్దరూ కలిసి ఒకే జెండా ఊపాలని ఎంకన్న రాజీ కుదిర్చాడు. ఇంతా చేసి కర్ర మీద ఎవరి చెయ్యి పైన ఉండాలన్న దగ్గర చిక్కొచ్చింది. హైకమాండ్‌కు ఫోన్ వెళ్లింది. హైకమాండ్ భోజనంలో ఉంది. పిల్లలు నిమ్మకాయలు తినేశారు.

నాలుగున్నరకు అనుమతి వచ్చింది. నాలుగు చేతులూ ఒకే ఎత్తులో జెండా ఊపాయి. నేనెప్పుడూ అంత సమైక్యతను చూడలేదు. అప్పుడు డ్రైవర్ దిగి తన డ్యూటీ అయిపోయిందని చెప్పి, బ్యాగు భుజాన వేసుకుని వారాసిగూడ వైపు నడిచి వెళ్లిపోయాడు.

"ఇంకో డ్రైవర్‌ని పంపండి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను," అన్నారు సుధామయి గారు.

"ప్రారంభమైతే అయింది కదమ్మా," అన్నారు మంత్రిగారు ప్రసన్నంగా. "అసలు పని అదే."

పిల్లలు బస్సు దిగి ఇళ్లకు నడిచారు. ఇళ్లు దగ్గరే. ధరణి మాత్రం డ్రైవర్ సీటు వెనకే కూర్చుండిపోయింది. వాళ్లమ్మ మెస్సు నుంచి వచ్చి చేతులు కడుక్కోకుండానే ఎత్తుకెళ్లింది.

శనివారం ఎంకన్న నా దుకాణానికి వచ్చాడు.

"సురేషన్నా, రేపు క్యాంపస్‌ల అభినందన సభ. 'విజయవంతంగా ముగిసిన ఓడల యాత్ర' అని ముప్పై అడుగులు కొట్టు. ఓడ మీద పిల్లల ఫోటో పెద్దగుండాలె."

"పిల్లలు వెళ్లలేదు కదన్నా?"

"గందుకే నీ తాన్కి వచ్చిన."

అతనిచ్చిన పెన్‌డ్రైవ్‌లో పరిశీలన బృందం ఓడ మీద దిగిన గ్రూప్ ఫోటో ఉంది. బడి రికార్డులోని పాస్‌పోర్ట్ ఫోటోల నుంచి ముప్పై రెండు తలలు తీసుకున్నాను. ధరణి తలకు కాత్యాయని గారి పట్టుచీర కుదిరింది. రెండో తరగతి కిట్టుకు ఉమాపతి గారి బావమరిది పొట్ట తప్పలేదు. అందరూ పాస్‌పోర్ట్ ఫోటోలో బిగుసుకున్నట్టే ఉన్నారు. సముద్రం మీద అలా ఉంటే బాగుండదని కంప్యూటర్లో తలా ఒక నవ్వు పెట్టాను. ఆదివారం సభలో ఆ నవ్వులను అందరూ మెచ్చుకున్నారు. పిల్లలకు సాహస నావికుల సర్టిఫికెట్లిచ్చారు.

సోమవారం ఒక అనర్థం జరిగింది. జనం కోరిక మీద ఓడలను ఇంకో వారం ఉంచుతున్నారని పేపర్లో పడింది. సుధామయి గారు పదింటికల్లా రేవుకు ఫోన్ చేసి గురువారానికి టైము తెచ్చుకుని, పదకొండింటికి ఉమాపతి గారి గదిలో ఉన్నారు. నా ఫ్లెక్సీని చిన్నదిగా వేసి ఫ్రేమ్ కట్టించి గోడకు బిగించడానికి నేనూ అక్కడే ఉన్నాను.

"రెండోసారి రూల్స్ ఒప్పుకోవమ్మా," అన్నారు ఉమాపతి గారు. "ఒకసారి చూసినవాళ్లే మళ్లీ మళ్లీ చూస్తే చూడని పిల్లల గతేంటి?"

"మా పిల్లలు చూడలేదండీ! మీకు తెలుసు కదండీ!"

"నాకు తెలిసింది కాదు, రికార్డులో ఉన్నది కావాలి." ఆయన గోడ మీది ఫ్రేమ్ చూపించారు. "ఇంతమంది నవ్వుతూ ఉంటే వెళ్లలేదని ఎలా రాయమంటారు? మీరు వెళ్లలేదని ఆధారం చూపించండి, ఈ క్షణం బస్సిస్తాను."

వెళ్లలేదనడానికి ఆధారం ఎలా ఉంటుంది? ఆయన తెలివికి మనసులోనే దండం పెట్టుకుని, ఫ్రేమ్ వంకర సరిచేసి వచ్చాను.

సాయంత్రం దుకాణంలో మంచి హడావుడి మీదున్నాను. పై నెల మంత్రిగారి పుట్టినరోజు. తార్నాక నుంచి అడిక్‌మెట్ దాకా స్తంభానికొక ఫ్లెక్సీ అని ఎంకన్న మాటిచ్చాడు. ఈలోగా కాత్యాయని గారు తన అసలు ఫోటో ఇంటికి కావాలని కబురు పెట్టారు. పట్టుచీర మీద ఆవిడ తలే ఉన్న ఆ ఫోటోను మానిటర్ మీద పెట్టి రంగులు చూస్తున్నాను. వెనక ఎవరో నిలబడినట్టయింది. సుధామయి గారు, పక్కన ధరణి.

"సురేష్ గారూ, ఆ ఓడ ఫోటోలో మా పిల్లల తలలు తీసేసి ఇవ్వగలరా?" అన్నారు ఆవిడ. అడగడానికి ఎంత సిగ్గుపడ్డారో గొంతులో తెలుస్తోంది.

నేను నోరు తెరిచేలోగా ధరణి మానిటర్ దగ్గరికి వచ్చేసింది. ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టుకుంటూ, వరస తప్పకుండా, చివరి మనిషి దాకా వెళ్లింది. తర్వాత ఎగిరి గంతేసింది.

"టీచర్! గీ ఫోటోల మనం లేము! ఒక్కరం గూడ లేము!"

ఏ ఫోటోలోనైనా తను లేనందుకు అంత సంబరపడిన మనిషిని నేను చూడలేదు. చెప్పకూడదు గానీ, నేను మాత్రం మనసులో అడిక్‌మెట్ దాకా స్తంభాలు లెక్కపెట్టుకుంటున్నాను.

"ఇదొక్కటి ప్రింటు తీసివ్వండి," అన్నారు సుధామయి గారు. "రేపు పొద్దున్నే తీసుకెళ్లి చూపిస్తాను. గురువారానికి అందుకుంటామండీ."

నేను మానిటర్ ఆపేశాను.

"కరెంటు పోయిందమ్మా," అన్నాను.

నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. ధరణి తలెత్తి దానివైపే చూస్తోంది.