సిద్దప్ప కాపాడిన తెల్ల కాగితం

పదకొండేళ్లుగా టెంపరరీ అటెండరుగా ఉన్న సిద్దప్ప, 1986లో ఒక బుధవారం పొద్దున, ఇక పర్మనెంటు అయి తీరాలని నిశ్చయించుకున్నాడు. హైదరాబాదు నుంచి మదన్‌మోహన్ అనే ఆఫీసరొచ్చి, బొంబాయి రోడ్డు పక్కనున్న సిద్దప్ప వాళ్ల ఆఫీసు మిద్దె మీద ఒక యంత్రం పెట్టించాడు. అది రేపటిదాకా గాలి పీలుస్తుంది. గాలిలోని దుమ్మూ మసీ లోపలి తెల్ల కాగితానికి అంటుకుంటాయి. దాన్ని తూచి ఊరి గాలి సంగతి సర్కారు తేలుస్తుందట. పని నచ్చితే పై సారుకు సిద్దప్ప గురించి రాస్తానని చెప్పి ఆయన కోహీర్ వెళ్లాడు.

చుట్టాలొస్తే వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పి చల్లే ఊరది. సర్కారు చుట్టానికి మురికి కాగితం ఇచ్చి పర్మనెంటు అడగడమంటే సిద్దప్పకు తల కొట్టేసినట్టయింది. వీధి వీధంతా నీళ్లు చల్లించాడు. ఎదురు హోటల్లో తారాబాయిని బతిమాలి బొగ్గుల పొయ్యి ఆర్పించాడు.

"గాలిని గూడ కడుగుతవా ఏంది?" అంది భార్య నాగమ్మ.

"నౌకరి పక్కా అయితదంటే కడుగుత."

అయినా లారీల వెనక దుమ్ము లేస్తూనే ఉంది. సిద్దప్ప పంతం పట్టి, ట్యాంకరు తెప్పించి రోడ్డు అంచులు తడిపించాడు. మొగుడంపల్లి నుంచి చెరకుతో వస్తున్న ట్రాక్టరు, ఎదురొచ్చిన లారీకి దారిచ్చి ఆ బురదలో దిగబడింది. ట్రాలీ రోడ్డుకు అడ్డం తిరిగింది. రెండువైపులా లారీలు బారులు తీరాయి. వరస పోతుందేమోనని ఏ డ్రైవరూ ఇంజను ఆపలేదు. అందరూ చాయ్ అడిగేసరికి తారాబాయి ఒక పొయ్యికి మూడు పొయ్యిలు ముట్టించింది. ఆ పొగంతా మిద్దెకెక్కింది. సిద్దప్ప యంత్రం పక్కన నిలబడి పొద్దుగూకేదాకా తువ్వాలతో విసురుతూనే ఉన్నాడు. చేతులు పడిపోయాయి గానీ పట్టు విడవలేదు.

మర్నాడు మదన్‌మోహన్ యంత్రం మూత తీశాడు. కాగితం పెనం అడుగులా ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, సిద్దప్పకు పదకొండేళ్లూ నీళ్లలో పోసినట్టే అనిపించి ఏడుపొచ్చింది.

"సార్, మా ఊరు గిట్ల ఉండది. నిన్న ఏమైందంటే..."

"ఏం చెప్పకు," అన్నాడాయన. "నాలుగు జిల్లాలు తిరిగాను. ఎక్కడికెళ్లినా రోడ్లు కడిగి, పొయ్యిలార్పి, నా చేతిలో తెల్ల కాగితం పెట్టారు. ఉన్నదున్నట్టు చూపించింది నువ్వొక్కడివే."

సిద్దప్ప నోరు తెరిచాడు. తర్వాత జాగ్రత్తగా మూసుకున్నాడు.

ఆ నెలలోనే పర్మనెంటు ఆర్డరొచ్చింది. అందులో నిజాయితీ అన్న మాటను గుమాస్తా రెండుసార్లు టైపు చేశాడు.