ధవళకాంతి జయరాం గారి దేశసేవ

అయ్యలారా, అమ్మలారా! చేతులు మండందే దేశం మెరవదు!

అనుమానం ఉన్నవాళ్ళు ఆదోని వచ్చి చూడండి. తెల్లదొరలు ఓడెక్కి ఏడేళ్ళయింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాది నిండింది. బళ్ళారి జిల్లాలో పడుకున్నవాళ్ళం కర్నూలు జిల్లాలో నిద్ర లేచాం. ఇన్ని మారినా మన పెరళ్ళలో బిందెలు మాత్రం ఇంకా చింతపండు పిప్పితో, బూడిదతోనే తోముతున్నారే! దీన్ని నాగరికత అంటారా?

ఈ బాధతో కుమిలిపోయిన మహానుభావుడు ఆదోనిలో ఒకే ఒక్కడు. ఆయన పత్తి వ్యాపారి జయరాం. తాతల నాటి నుంచీ దూది వ్యాపారమే. కానీ జయరాంకు దూది మీద మనసు లేదు. దూదిలో దుమ్ముంటుంది, గింజ ఉంటుంది, దాని వెనక రైతు ఉంటాడు. రైతు బేరమాడతాడు! డబ్బాలో మూతపెట్టి వచ్చే సరుకుకు ఇలాంటి పీడ ఉండదు కదా అని ఆయన ఏళ్ళ తరబడి కలలు కన్నాడు.

ఆ కల బొంబాయి మెయిల్లో ఫలించింది. రాయచూరులో టై కట్టుకున్న ఆసామి ఒకాయన వచ్చి జయరాం పక్కన కూర్చున్నాడు. బొంబాయిలోని ఒక పొడుల కంపెనీ తరఫు మనిషి. పెట్టె తెరిచి ఒక డబ్బా తీసి, చిటికెడు తెల్లపొడిని జయరాం ఇత్తడి చెంబు మీద చల్లి, గుడ్డతో రెండు సార్లు రుద్దాడు. చెంబు తళతళలాడింది. జయరాం అందులో తన ముఖం చూసుకున్నాడు. ముఖం బాగుంది! ఇంకేం కావాలి? ఆదోని స్టేషను వచ్చేసరికి ఆయన ఆదోని, ఆలూరు తాలూకాలకు 'ధవళకాంతి' పొడి ఏకైక ఏజెంటు అయిపోయాడు.

కంపెనీ ఆ పొడిని ఇత్తడి పాత్రల కోసమే చేసింది. జయరాంది అంతకంటే విశాల దృష్టి. ఇత్తడిని మెరిపించేది బట్టను మెరిపించదా? బట్టను మెరిపించేది మనిషిని మెరిపించదా? ఊళ్ళో అచ్చాఫీసులో మూడు రంగుల్లో తెలుగు లేబుళ్ళు వేయించాడు. పాత్రలకు పసుపు లేబులు, బట్టలకు నీలం, మేనికి గులాబీ. లోపల పొడి ఒకటే. సృష్టి అంతా ఒకటేనని వేదాంతులు చెబుతుంటే విన్నాం కానీ, దాన్ని ఆచరణలో పెట్టిన వ్యాపారిని ఎక్కడైనా చూశారా?

మొదటి పరీక్ష ఇంట్లోనే జరిగింది. ఆ ఇంట్లో అంట్లు తోమే మనిషి హులిగమ్మ. చిప్పగిరి దగ్గర పల్లె ఆమెది. మొగుడు మారెప్ప పోయాక ఆదోని వచ్చి పదకొండేళ్ళుగా జయరాం ఇంట్లోనే పని చేస్తోంది. ఆ పదకొండేళ్ళూ ఆమె చింతపండుతో బిందెలు తోమి దేశానికి ఎంత ద్రోహం చేసిందో పాపం ఆమెకే తెలియదు. ఇప్పుడా పాపం కడుక్కునే అవకాశం వచ్చింది.

మూడో రోజు హులిగమ్మ వసారా ముందుకు వచ్చి రెండు చేతులూ చాచి నిలబడింది.

"సావుకారయ్యా, సేతులు మండుతాండాయి. సంగటి ముద్ద పట్టుకుంటే పానం పోతాంది."

"మండుతాందంటే పని జేస్తాన్నట్టే గదా! ఇన్నేండ్ల మురికి ఊరికే పోతాదా?" అన్నాడు జయరాం.

"పోయేది మురికి గాదయ్యా, తోలు."

"పోనీ. కొత్తది వస్తాది!"

ఎంత ధైర్యం చెప్పాడో చూడండి! తన చర్మం అయితే ఇంత నిబ్బరంగా మాట్లాడగలడా ఎవడైనా?

ఆయన భార్య కన్యకమ్మకు మాత్రం ఈ విశాల దృష్టి అబ్బలేదు. మూడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. లోపలి నుంచి గుప్పెడు చింతపండు తెచ్చి హులిగమ్మ దోసిట్లో పెట్టబోయింది. జయరాం ఉలిక్కిపడ్డాడు.

"ఏజెంటు ఇంట్లో చింతపండా? ఎవరన్నా సూస్తే నా పరువు ఏం గావాల?"

"పోనీ ఆ డబ్బాల పెట్టెలో రబ్బరు తొడుగులు ఉండాయి గదండీ. అవన్నా ఈయండి దానికి."

నిజమే. కంపెనీవాళ్ళు నమూనా పెట్టెలో ఒక జత రబ్బరు తొడుగులు పంపారు. ఎర్రగా, మోచేతుల దాకా వచ్చేవి. జయరాం వాటిని బీరువాలో పట్టుపంచెల కింద దాచాడు.

"అవి దొరల శీమ సరుకే! నీళ్ళలో పెడితే పాడు గావా?" అన్నాడు.

రబ్బరు తొడుగులు నీళ్ళలో పెడితే పాడవుతాయన్న సంగతి ప్రపంచంలో మొదట కనిపెట్టింది మన ఆదోనిలోనే అని గర్వంగా మనవి చేస్తున్నాను.

నెల తిరిగేసరికి జయరాం ఇంటి బిందెలు వీధిలోకి మెరిశాయి. ఇక సరుకు ఊళ్ళమీదికి పోవాలి. మొదట ఎమ్మిగనూరు సంత. నేతగాళ్ళ ఊరు, తెలుపు విలువ తెలిసిన ఊరు. జయరాం జట్కా నిండా డబ్బాలు వేసుకుని, హులిగమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాడు. సంత మధ్యలో తొట్టి పెట్టి నీళ్ళు పోయించి, నల్లబడ్డ దీపపు కుందులు వరసగా పేర్చాడు. హులిగమ్మ తోముతుంటే ఆయన పొడి అందిస్తూ ఉపన్యాసం మొదలుపెట్టాడు. పొడి అందించేటప్పుడు ఆయన చేతులకు ఎర్ర తొడుగులు ఉన్నాయి. నాలుగు ఊళ్ళవాళ్ళు చూసే చోట ఏజెంటు హోదాగా కనిపించాలి కదా!

కుందులు బంగారంలా మెరిశాయి. జనం మూగారు. ముందు వరసలో నాగప్ప అనే ముసలి నేతగాడు గొంతుకూర్చున్నాడు. అందరూ కుందులు చూస్తుంటే ఆయన మాత్రం హులిగమ్మ చేతులు చూస్తున్నాడు.

"ఏమప్పా, ఆయమ్మ సేతులు ఏంటికట్లా ఎర్రగా ఉడికిపోయినాయి?"

"ఎరుపు గాదన్నా, తెలుపు! నల్లమనిషి తెల్లగయ్యేటప్పుడు మొదట ఎర్రగయితాడు," అన్నాడు జయరాం తడుముకోకుండా.

"అట్లయితే ఆ తొడుగులు తీసేసి నువ్వూ ఒగ సెయ్యి ముంచప్పా. నువ్వూ అంత తెలుపేం గాదు గదా!"

సంత గొల్లుమంది. జయరాం కూడా నవ్వాడు. నవ్వుతూనే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. హులిగమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమె చేతులు తొట్టిలోనే ఉన్నాయి.

మరి సరుకు అమ్ముడు పోలేదనుకున్నారా? పొద్దు వాలేసరికి ఒక్క డబ్బా మిగల్లేదు! నవ్వినవాళ్ళే కొన్నారు. డబ్బా మీద తెల్లదొరసాని బొమ్మ ఉంది మరి. తెల్లమ్మ అబద్ధమాడుతుందా? నందవరంలో పెళ్ళికొడుకు ఒకడు గులాబీ డబ్బా కొని పెళ్ళికి రెండు రోజుల ముందు ముఖానికి పట్టించాడు. పెళ్ళిపీటల మీద వాడి ముఖం పండిన మిరపకాయలా మెరిసిందట. ధవళకాంతి మెరిపిస్తుందని చెప్పింది కానీ ఏ రంగులో అని చెప్పిందా? తప్పెవరిది?

ఇలా నాలుగు నెలలు తిరిగేసరికి హులిగమ్మకు ఇంకో పని పడింది. మారెప్ప తమ్ముడు బసప్ప ఊరి నుంచి వచ్చాడు. అన్నదమ్ముల ఉమ్మడి మెట్టభూమి నాలుగెకరాల్లో సగం వదిన పేర రాసివ్వాలని పదకొండేళ్ళుగా పెద్దమనుషులు చెబుతున్నారు. పదకొండేళ్ళుగా బసప్ప రేపంటున్నాడు. ఎందుకో ఈ ఏడు మనసు మెత్తబడింది. ఆ మెత్తదనం ఎన్నాళ్ళుంటుందో బసప్పకే తెలియదు. అందుకని హులిగమ్మ ఆ వారంలోనే భాగపత్రం రాయించింది. రిజిస్ట్రీ ఆలూరులో.

ఆమెను గుర్తుపట్టి సాక్షిగా సంతకం చేయడానికి జయరాం తానే వస్తానన్నాడు. పుణ్యానికి కాదు లెండి, ఆలూరు సంతలోనూ డబ్బాలు అమ్ముకోవచ్చు. ఆలూరులో ఉన్న తన అక్కను చూసి చాలా రోజులైందని కన్యకమ్మ కూడా బస్సెక్కింది.

రిజిస్ట్రారు కోస్తా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి. కళ్ళజోడు సవరించుకుని భాగపత్రం చదివి వినిపించాడు. బసప్ప బొటనవేలు సిరాదిమ్మె మీద అద్ది కాగితం మీద నొక్కాడు. గీతలు గీతలుగా ముద్ర పడింది. తర్వాత హులిగమ్మ నొక్కింది.

కాగితం మీద నల్లటి మచ్చ పడింది. అంతే. ఒక్క గీత లేదు.

"సరిగా నొక్కమ్మా," అన్నాడు రిజిస్ట్రారు.

ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ మచ్చే. గుమాస్తా ఆమె వేలు తుడిచి తానే పట్టుకుని దొర్లించాడు. మచ్చ కాస్త పెద్దదయింది.

"ఇది వేలిముద్ర కాదమ్మా, సిరా మరక. దీన్ని పట్టుకుని రేపు ఎవరైనా నువ్వు హులిగమ్మవే కాదంటే నేనేం చెప్పను? గీతలు ఏమయ్యాయి?"

హులిగమ్మ తన వేళ్ళను తిప్పి చూసుకుంది. పెళ్ళప్పుడు గోరింటాకు పెట్టిన వేళ్ళు, మొగుడు పోయాక తీసిన నల్లపూసలు కొంగులో ముడివేసుకున్న వేళ్ళు. కొత్తగా ఎవరివో చూస్తున్నట్టు చూసింది. తర్వాత జయరాం వైపు తల తిప్పింది. 

బసప్ప మెల్లగా లేచి తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. "ఇంగేం జేస్తాం వదినా. దేవునికే ఇష్టం లేదేమో. వచ్చే ఏడు సూద్దాంలే." ఆ గొంతులో దుఃఖం ఎంతుందో తెలియదు కానీ, హాయి మాత్రం బాగానే ఉంది.

"సాక్షి మీరే కదా," అని రిజిస్ట్రారు జయరాంను అడిగాడు. "ఈమె వేళ్ళు ఎందుకిలా అరిగాయో మీకు తెలుసా? కారణం చెప్పి రాసి సంతకం పెడితే, ఉన్నంతలో పడిన ముద్రే తీసుకుని రిజిస్టరు చేస్తాను."

ఇప్పుడు జయరాం పరిస్థితి ఆలోచించండి! ఒక్క మాట. ఆ మాట చెబితే హులిగమ్మకు రెండెకరాలు. చెబితే, బస్సు మీంచి దించి బయట పెట్టిన రెండు వందల డబ్బాలు? రెండు తాలూకాల ఏజెన్సీ? కచేరి వరండా నిండా జనం చెవులు రిక్కించుకుని ఉన్నారు. ఆయన చేతిలోని డబ్బాల సంచీని దగ్గరికి లాక్కున్నాడు. దేశమా, దాసీయా? చివరికి దేశమే గెలిచింది.

"పుట్టుకతోనే అంతేమో సార్. కొందరికి ఉండవు," అన్నాడు.

గోడవార నిలబడ్డ కన్యకమ్మ అప్పుడు ముందుకు వచ్చింది. మొగుడి చేతిలోని సంచీలోంచి పసుపు డబ్బా తీసి రిజిస్ట్రారు బల్ల మీద పెట్టింది.

"దీంతో మాయింట్లో నాలుగు నెల్లు తోమింది సార్. పదకొండేండ్లు సింతపండుతో తోమింది, వేలు అరగలేదు. నాలుగు నెల్లకు అరిగింది. యాడ సంతకం పెట్టాల్నో సూపియ్యండి. నేను పెడతా."

"ఏయ్, నువ్వు ఊరుకుంటావా లేదా!" అన్నాడు జయరాం.

"ఇన్నేండ్లు ఊరుకుంటి. ఇంగ సాలు."

రిజిస్ట్రారు డబ్బాను చేతిలో తిప్పాడు. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు. ఇంగ్లీషు వైపు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివి తెలుగులో చెప్పాడు: "తొడుగులు లేనిదే ముట్టుకోకూడదు. చర్మం తినేస్తుంది. ఒంటికి వాడరాదు." తర్వాత తెలుగు వైపు తిప్పాడు. పైనుంచి కింది దాకా రెండుసార్లు చదివాడు.

"ఈ ముక్కలు తెలుగులో ఏవండీ?"

"చోటు చాల్లేదు సార్," అన్నాడు జయరాం.

చోటు చాలలేదట! డబ్బా చిన్నది కదా, పాపం. 'ఆదోని జయరాం, ఏకైక ఏజెంటు' అని పెద్దక్షరాలతో వేశాక ఇంకెక్కడ మిగులుతుంది?

కన్యకమ్మ బల్ల మీదికి వంగి కూడబలుక్కుంటూ రాసింది. 'ఈమె హులిగమ్మే. మా యింటి పొడితో యీమె గీతలు పోయినవి.' సంతకం చేయడానికి ఆమెకు చాలా సేపు పట్టింది. హులిగమ్మ ఎడమచేతి చిటికెనవేలికి అరగీత మిగిలి ఉందని గుమాస్తా కనిపెట్టాడు. దాన్నే నొక్కించాడు. ఆ అరగీత మీద రెండెకరాల మెట్టభూమి ఆమెదయింది. బసప్ప ముఖం వేలాడేసుకుని బయటికి నడిచాడు.

హులిగమ్మ తిరుగు బస్సెక్కలేదు. కన్యకమ్మ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకోబోయి, తన చేతుల మంటకు ఆగిపోయి, వాటి మీద నుదురు ఆనించింది. "పోయొస్తానమ్మా," అని చిప్పగిరి దారి పట్టింది. వానలు పడగానే సొంత చేలో సెనక్కాయ విత్తింది. మట్టి ఆమె వేళ్ళను ఏమీ చేయలేదు. మట్టికి ఇంకా నాగరికత తెలియదు మరి.

జయరాం చెడిపోయాడనుకుంటే మీరు వ్యాపారం ఎరగనివాళ్ళే! పదిరోజుల్లో కొత్త లేబులు వేయించాడు: 'ఆలూరు కచేరీలో పరీక్షింపబడినది'. అమ్మకాలు రెట్టింపయ్యాయి. ఆ ఇంట్లో బిందెలు మాత్రం ఇప్పుడు కన్యకమ్మే తోముతోంది, చింతపండుతో. ఆయన చూసి కూడా చూడనట్టు పోతాడు.

కాబట్టి, అయ్యలారా, ధవళకాంతిని నేను తప్పుపట్టను. చెప్పిన పని చెప్పినట్టు చేసే పొడి అది. నిన్న ఆదోని బజారులో జయరాం ఎదురైతే ఆయన చేతులు పట్టుకుని చూశాను. ఎంత మెత్తని చేతులు! పది వేళ్ళకూ గీతలు నిక్షేపంగా ఉన్నాయి, ఒక్కటీ చెదరలేదు. ఏ కాగితం మీద నొక్కినా అచ్చుగుద్దినట్టు పడతాయి.

కానీ ఆయనకు వాటితో పనేముంది? ఆయన సంతకం పెడతాడు.