ప్రెసిడెంటు దొరవారి పులులకు గంట మోగిన వైనం

సమితివారి ఆయిల్ ఇంజను ముందుగా ఎవరి బావికి పోవాలన్నది పులి-మేక ఆటలో తేలుతుందని సమితి అధ్యక్షులు మురహరిరావు దొరవారు ఊళ్లో దండోరా వేయించారు. అవసరం చూసి ఇస్తే పక్షపాతమంటారు, చీటీలు వేస్తే జూదమంటారు. ఆటలోనైతే ప్రజాస్వామ్యం ఉంది. పులులు దొరవారివి, మేకలు ఊరివాళ్లవి. దొరవారిని ఓడించినవాడి బావికి ఇంజను. ఎవరూ ఓడించనంతకాలం అది దొరవారి మామిడితోటలోనే ప్రజాసేవ చేస్తుంది.

ఆ ఊరి రైతు రాయమల్లు వరి పొట్టమీదుంది, నేడో రేపో కంకి తీయాలి. బావిలో నీళ్లున్నాయి గాని మోటకు కట్టే ఎడ్లలో ఒకటి చచ్చిపోయింది. మడి నెర్రెలు బారుతుంటే ప్రాణం ఉసూరుమని, పాపం, రోజూ దొరవారి గడీ అరుగు మీదికి పోయి మేకలు పేర్చేవాడు. మేకలు పేర్చడంలో అతనికి సాటి లేదు, ఆలోచించడంలో దొరవారికి సాటి లేదు. పులులు ఇరుకున పడగానే దొరవారు ఆలోచనలో పడేవారు. ఆలోచిస్తూ భోంచేసేవారు, ఆలోచిస్తూ కునుకు తీసేవారు. ఒకసారి ఆలోచిస్తూనే కరీంనగర్ పోయి పెళ్లి చూసుకుని వచ్చారు. ఈలోగా బర్రెకు కుడితి పెట్టాలని రాయమల్లు లేస్తే, లేచినవాడు ఓడినట్టే లెక్క. ఇట్లా దొరవారు పులిని కదపకుండానే ఊరందరినీ ఓడించారు.

మిషన్ బడిలో చదువుకున్న గ్రామసేవక్ పేతురు ఇది చూడలేక తన అలారం గడియారం తెచ్చిపెట్టాడు.

"పంచవర్ష ప్రణాళికకే గడువున్నది దొరా, పులికి ఉండద్దా? గంట మోగేలోపల కదపకుంటె ఓడినట్టే."

ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి కాబట్టి దొరవారు సంతోషంగా ఒప్పుకుని, గడియారానికి కొబ్బరికాయ కొట్టి ప్రారంభోత్సవం చేశారు. ఆ వెంటనే సవరణలు మొదలయ్యాయి. దొరవారు చుట్ట ముట్టించే కాలం కాలం కాదు. దగ్గే కాలం కాదు. చివరికి, దొరవారు ఆలోచించేటప్పుడు గడియారం మీద తువ్వాల కప్పాలనీ, కనబడని కాలం గడిచినట్టు కాదనీ ఏకగ్రీవంగా తీర్మానమైంది. రాయమల్లు కూడా చెయ్యెత్తాడు. అందరూ ఎత్తాక ఒక్కడు ఎత్తకపోతే ఏం బాగుంటుంది?

మూడు పులులూ బిగుసుకుపోయిన రోజున తువ్వాల కప్పారు. దొరవారు కళ్లు మూసుకుని తీవ్రంగా ఆలోచించారు, సన్నగా గురక కూడా వినిపించింది. తువ్వాల ముళ్లను కప్పింది గాని గంట నోరు మూయలేదు. అది ఒక్కసారిగా గణగణమంది.

రాయమల్లు రెండు చేతులూ జోడించాడు. "నీ బాంచెన్ దొరా, నేను మోగియ్యలే. అదే మోగింది!"

దొరవారు ఉలిక్కిపడి లేచి చుట్టూ చూశారు. ఊరంతా అక్కడే ఉంది. ఊరంతటికీ ఓట్లున్నాయి.

"ప్రజల చేతిలో ఓటమే మాకు గెలుపు!" అన్నారు. "ఇంజను రాయమల్లు గారిదే!"

తన పేరు చివర 'గారు' విని, ఇంకో రాయమల్లు ఎవరైనా ఉన్నాడేమోనని రాయమల్లు వెనక్కి తిరిగి చూశాడు.

మర్నాడు బావిగడ్డన పందిరి వేశారు. ఇంజనుకు దండ వేసి, అభివృద్ధి చప్పుడు ప్రజల చెవిన పడాలని వేదిక పక్కనే నడిపించారు. గొట్టం మాత్రం బావిలోకి దించలేదు. రిబ్బను కత్తిరించాక దించాలి, ఉపన్యాసం అయ్యాక రిబ్బను కత్తిరించాలి. పేతురు గడియారం తెస్తే, అది ఆటలకేనని పక్కన పెట్టించారు. దొరవారి పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఇంజను దడదడలాడుతూనే ఉంది. ఒక్క ముక్క వినబడకపోయినా జనం విసుగు లేకుండా చప్పట్లు కొట్టారు. పొద్దు వాలే వేళకు ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో "జైహింద్" అన్నది స్పష్టంగా వినిపించింది.

ఆయిల్ అయిపోయింది. మళ్లీ ఆయిల్ కావాలంటే సమితి మీటింగు కావాలి, మీటింగు కావాలంటే ఎన్నికలు కావాలి. ఆలోగా రాయమల్లు వరి పొట్టలోనే మాడిపోయింది.

ఎండిన దుబ్బులు బర్రెకు కోస్తూ అతని భార్య ఐలవ్వ కడుపుమంటతో అరిచింది. "గా దొరకు ఈసారి ఓటేస్తివా, నీకు బువ్వ పెట్టనయ్యా!"

రాయమల్లు కొడవలి ఆపాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి వరి కోసం కాదు.

"జర ఆలోచించి మాట్లాడవే. గంత పెద్దమనిషిని ఊరందరి ముంగట ఆటల ఓడగొడితిని. ఇగ ఓట్లల్ల గూడ ఓడగొడితె పాపం గాదా?"